మూకుట్లో నూనె ఇంజిన్‌దాకా ఎందుకు వెళ్ళదు

ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో వాడిన నూనె పారబోసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మా బావకి ఇక్కడ టిఫిన్ హోటలుంది, సాయంత్రాలు గల్లా దగ్గర కూర్చునేది నేనే, కాబట్టి ఇది ఎక్కడో విన్న మాట కాదు. పొద్దున్న పూరీలు, గారెలు తీసిన నూనెని మధ్యాహ్నం గుడ్డలో వడగట్టి పక్కన పెడతారు. సాయంత్రం దాన్లోనే కొత్త నూనె పోసి బజ్జీలు, సింగడాలు, ఆలూచాప్‌లు వేస్తారు. రెండు మూడు రోజులకి అది నల్లబడి, చిక్కబడి, పిండి వెయ్యగానే నురుగు మూకుడు అంచుదాకా పొంగే స్థితికొస్తే అప్పుడు డబ్బాలోకి వంపుతారు. వంపడమే ఆలస్యం, అడిగేవాళ్ళు సిద్ధం. సంతలు తిరిగి జంతికలు, మిక్చరు వేసి అమ్ముకునేవాళ్ళు కొంత పట్టుకెళ్తారు, తోపుడు బండ్లవాళ్ళు కొంత. ఇంక దేనికీ పనికిరాని మడ్డిని సెంట్రింగ్ రేకులకి పూసుకోడానికి మేస్త్రీలు తీసుకుపోతారు. నేలపాలయ్యేదంటూ ఏమీ ఉండదు.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, వాడిన వంటనూనెతో బయోడీజిల్ అనగానే అందరూ ఒకటే లెక్క మొదలుపెడతారు. దేశంలో ఇంత నూనె వాడతాం, ఇంత మిగులుతుంది, అదంతా వృథాగా పోతోంది, పట్టుకొచ్చి ఇంజిన్‌లో పోస్తే దిగుమతి ఖర్చు ఇంత మిగులుతుంది అని. ఆ 'వృథాగా పోతోంది' దగ్గరే లెక్క తప్పుతోంది. ఆ నూనె మన కడుపులోకి పోతోంది. నా వాదన ఒకటే. దీన్ని ఇంధనం పథకంగా చూసినంతకాలం మాలాంటి ఊళ్ళలో ఇది నడవదు. తిండి పథకంగా చూడాలి, ఖర్చు కూడా ఆ ఖాతాలోనే రాయాలి.

ఇంధనం లెక్కే చూద్దాం. దేశంలో తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, వాడిన వంటనూనెని పోగుచేసి బయోడీజిల్‌కి పంపే రూకో పథకం 2018 ఆగస్టు 10న మొదలుపెట్టినప్పుడు, దేశంలో 2022 కల్లా 220 కోట్ల లీటర్ల వాడిన నూనెని బయోడీజిల్‌కి రాబట్టొచ్చని చెప్పుకున్నారు. వినడానికి పెద్ద అంకె. కానీ మన దేశం ఏడాదికి తాగే డీజిల్ 9 కోట్ల టన్నుల దరిదాపు, లీటర్లలో చూస్తే 10 వేల కోట్లు దాటిపోతుంది. అంటే ఆ 220 కోట్ల లీటర్లూ ఒక్క చుక్క పోకుండా చేతికొచ్చినా వందకి రెండు లీటర్లు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం మాత్రం 2030కి వందకి 5 కలపాలంటుంది. ఈ నూనె మొత్తం దొరికినా ఆ మాట సగం కూడా నెరవేరదు. కాబట్టి వాడిన నూనె దేశాన్ని పెట్రోలు బావుల బెడద నుంచి గట్టెక్కిస్తుందని ఎవరైనా అంటే నవ్వుకోవచ్చు.

అలాగని బయోడీజిల్ బూటకమేం కాదు. రుడాల్ఫ్ డీజిల్ కాలంలోనే, 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన నూనె చిక్కన, అదే సమస్య. ఇంజిన్ నాజిల్ దాన్ని సన్నని తుంపరగా కొట్టలేదు, సరిగ్గా కాలక లోపల మసి, బంక పేరుకుంటాయి. ఆ చిక్కదనం పోగొట్టడమే బయోడీజిల్ తయారీ అంతా. నూనె అణువులో గ్లిజరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అంటుకుని ఉంటాయి. మిథనాల్ పోసి, కాస్టిక్ సోడా తోడిచ్చి, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో కలియబెడితే ఆ మూడూ గ్లిజరిన్‌ని వదిలి మిథనాల్‌ని పట్టుకుంటాయి. గ్లిజరిన్ బరువు, అడుక్కి దిగుతుంది. పైన తేరేది బయోడీజిల్. లీటరు నూనెకి పావులీటరు కంటే కాస్త తక్కువ మిథనాల్ పడుతుంది.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడొకడు ఉన్నాడు, వాడి ల్యాబులో మా హోటల్ నూనెతోనే ఇది చేసి చూశాం. అందులో నాకు బాగా నచ్చింది అసలు వంటకం కంటే ముందు చేసే పరీక్ష. తాజా నూనె అయితే లీటరుకి మూడున్నర గ్రాముల కాస్టిక్ సోడా సరిపోతుంది. పదేపదే కాగిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఊరికే తిరుగుతుంటాయి, అవి ముందుగా ఆ సోడాని తినేస్తాయి. ఎంత తింటాయో తెలియాలి. ఒక మిల్లీలీటరు నూనెని 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, చిటికెడు పసుపు వేసి, లీటరు నీళ్ళకి గ్రాము చొప్పున కలిపిన సోడా నీళ్ళని బొట్టు బొట్టుగా వదలాలి. పసుపు ఎర్రబడి అలాగే నిలబడితే ఆపెయ్యాలి, పసుపులో సున్నం వేస్తే పారాణి అయ్యే సంగతే ఇది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకి అన్ని గ్రాముల సోడా అదనంగా వెయ్యాలన్నమాట. పొద్దున్న పూరీ నూనెకీ, మూడో రోజు బజ్జీ నూనెకీ ఆ పరీక్షలో తేడా కళ్ళముందు కనపడింది. బజ్జీ నూనె మీద బొట్లు పడుతూనే ఉన్నాయి, ఎర్రబడినట్టే అయి మళ్ళీ పచ్చబడుతోంది. మా బావ పక్కనే నిలబడి చూసి, 'ఇదేటి, ఇంత తాగుతోంది' అన్నాడు. ఆ ఒక్క ముక్కతో, నేను అన్నేళ్ళుగా నూనె మార్చమని మొత్తుకున్నదానికంటే ఎక్కువ పని అయింది. ఆ వారం నుంచి హోటల్లో టిన్ను కాస్త ముందుగానే మారుతోంది.

సరే, తేరిన బయోడీజిల్ టీ రంగులో బాగానే వచ్చింది. దాన్ని నీళ్ళతో కడగాలి, లేకపోతే సబ్బు, మిగిలిన సోడా అందులోనే ఉండిపోతాయి. నూనెలో ముందే తడి ఉన్నా, సోడా పాలు ఎక్కువైనా అంతా సబ్బు కట్టేస్తుంది. బజ్జీ నూనెలో తడికి లోటేముంది, ఉల్లిపాయ నీరు, మిరపకాయ నీరు, పిండిలో నీరు. అందుకే ముందు నూనెని 100 డిగ్రీలు దాటించి తడి ఎగరగొట్టాలి, చల్లార్చాలి, మడ్డి దిగాక పైతేట మాత్రమే తీసుకోవాలి. కొవ్వు ఆమ్లాలు మరీ ఎక్కువైతే ఈ పద్ధతి పనికిరాదు, ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఇంకో విడత చెయ్యాలి. ఇదంతా ల్యాబులో చిన్న సీసాలో చెయ్యడం వేరు, పెరట్లో డ్రమ్ములో చెయ్యడం వేరు.

ఈ పెరటి డ్రమ్ము వీడియోలు చూసి ఉత్సాహపడే కుర్రాళ్ళకి గట్టిగా చెప్పేది ఒకటుంది, వద్దు. మిథనాల్ అంటే ఆషామాషీ సరుకు కాదు. 1992లో కటక్‌లో కల్తీ సారా తాగి వందమందికి పైగా పోయారు, అందులో కలిసింది ఇదే. కొద్ది మోతాదుకే చూపు పోతుంది, ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా లోపలికి వెళ్తుంది, 65 డిగ్రీల లోపే మరుగుతుంది, మంట అంటుకుంటే పగటి వెలుతురులో ఆ మంట సరిగ్గా కనిపించదు కూడా. దాన్ని కొనడానికి, దాచడానికి లైసెన్సు ఉండాలనే నిబంధన ఊరికే పెట్టలేదు. సారా బట్టీలు సరిహద్దు దాటి అటూ ఇటూ తిరిగే మా ప్రాంతంలో, ఇంటింటా మిథనాల్ క్యాన్లు పెట్టుకోమని ఏ బుద్ధిమంతుడూ సలహా ఇవ్వడు. బయోడీజిల్ తయారీ ఒక చోట, లైసెన్సుతో, చదువుకున్న మనిషి చేతిలో జరగాలి. ఊళ్ళో జరగాల్సింది నూనె పోగుచెయ్యడం. ఆ పోగుచెయ్యడం దగ్గరే అంతా ఆగిపోతోంది.

ఎందుకు ఆగిపోతోందో చెప్తాను. మన వంటలో నూనె మిగలదు. పడమటి దేశాల హోటళ్ళలో లోతైన ఫ్రయ్యర్లు, వారానికో రెండుసార్లు మొత్తం ఖాళీ చేసి కొత్తది నింపుతారు. ఇక్కడ బజ్జీ తనతోపాటు నూనె తాగి వెళ్ళిపోతుంది, మనం పైన పోస్తూ ఉంటాం. బేరం జోరుగా ఉన్న బండి దగ్గర నూనె నిజానికి అంత పాడవదు, ఎందుకంటే తాగిన కొద్దీ కొత్తది పడుతూనే ఉంటుంది. బేరం లేని బండి చూడండి, అదే రెండు లీటర్ల నూనె సాయంత్రమంతా ఊరికే కాగుతూ కూర్చుంటుంది, రేపు మళ్ళీ అదే. అంటే ఊళ్ళో అన్నిటికంటే పాడైన నూనె, అన్నిటికంటే తక్కువ సంపాదించే మనిషి దగ్గర, అన్నిటికంటే తక్కువ పరిమాణంలో ఉంటుంది. దాన్ని ఏ వ్యాను వచ్చి తీసుకెళ్తుంది?

నిబంధనలు చూస్తే ఈ మనిషి ఎక్కడా కనపడదు. 2018 జూలై 1 నుంచి నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగితే అందులో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదన్నారు. మంచి నిబంధనే. రక్తపోటు, గుండె రక్తనాళాలు గట్టిపడటం, కాలేయం జబ్బులు, వీటితో ఈ సరుకుకి సంబంధం ఉందని ఎఫ్ఎస్ఎస్ఏఐ తనే చెప్తోంది. కానీ 25 దాటిందని తెలియాలంటే మీటరు కావాలి, దాని ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది, మా సంతలోకి ఆ మీటరు పట్టుకొచ్చిన ఆఫీసరుని నేనైతే చూడలేదు. 2019 మార్చి 1 నుంచి వచ్చిన రెండో నిబంధన, రోజుకి 50 లీటర్లకి పైగా నూనె వాడేవాళ్ళు లెక్క రాసి, మిగిలింది గుర్తింపు ఉన్నవాళ్ళకే ఇవ్వాలని. రోజుకి 50 లీటర్లు! పర్లాకిమిడిలో అలాంటి పొయ్యిలు ఎన్ని ఉంటాయి? పెళ్ళిళ్ళ సీజన్లో వంటమేస్త్రీలు దాటుతారేమో, వాళ్ళకి దుకాణమే ఉండదు, పట్టుకోడానికి. ఆ ఏడాదే ఆగస్టులో చమురు కంపెనీలు 100 నగరాల్లో ఈ బయోడీజిల్ కొంటామని ముందుకొచ్చాయి, మొదటి ఏడాది లీటరుకి 51 రూపాయలు, తర్వాత 52.70, ఆ తర్వాత 54.50. నగరాలు. మాది నగరం కాదు. బరంపురం ఇక్కడికి వంద కిలోమీటర్ల పైమాట, అటు శ్రీకాకుళం ఉన్నా అది వేరే రాష్ట్రం. పక్కనే ఉన్న పాతపట్నం నుంచి డీజిల్ ధర తక్కువని బళ్ళు మా వైపుకొచ్చి కొట్టించుకుంటాయి, వాడిన నూనె డబ్బాలు కూడా ఏ చెక్‌పోస్టూ అడగకుండా అటూ ఇటూ తిరుగుతాయి, పథకం ఒక్కటే సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

ధర సంగతి ఇంకా చిత్రం. బయోడీజిల్ లీటరు 51కి కొంటే, మిథనాల్ ఖర్చు, రవాణా, కంపెనీ లాభం పోను పోగుచేసేవాడు పాత నూనెకి ఏ 30 రూపాయలో ఇవ్వగలడు. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది గుర్తుందా, అప్పుడు కొత్త నూనె ధర చూసి మా బావకి నిద్రపట్టలేదు. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5కి పెంచారు, మళ్ళీ అదే పాట. 2025 మేలో కొంత తగ్గించారనుకోండి. మనం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచి వచ్చేదే, కాబట్టి ఈ ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది. కొత్త నూనె ప్రియమైన ప్రతిసారీ పాత నూనెకి మూకుట్లో విలువ పెరుగుతుంది. అంటే పోగుచేసేవాడు 30 ఇస్తానంటే, సంతలో జంతికలు వేసేవాడు 60 ఇస్తానంటాడు. ఎవరికమ్ముతారు?

మా వీధి చివర బండి పెట్టే అప్ప ఉంది. ఆవిడ బజ్జీలు నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం, అది వేరే సంగతి. నూనె గురించి మాట ఎత్తితే ఆవిడ అన్నది ఇది: 'పారబొయ్యమంటావు, రేపటికి నూనె నువ్వు కొని పెడతావేటి బాబూ?' కోపంగా కూడా అనలేదు. లెక్క వేసి చూస్తే ఆవిడే కరెక్టు. రోజూ రెండు లీటర్ల పాత నూనె తీసి 30 చొప్పున ఇచ్చేసిందనుకోండి, 60 రూపాయలు వస్తాయి. ఆ రెండు లీటర్లూ కొత్తది పోసుకోవాలంటే 250 పైనే అవుతుంది. రోజుకి దాదాపు 200 తేడా. ఖర్చులన్నీ పోను ఐదారు వందలు మిగుల్చుకునే మనిషికి ఆ 200 ఎంత? బజ్జీ ధర పెంచమంటారా, కొనేవాళ్ళు రిక్షా తొక్కేవాళ్ళు, కొండమీద నుంచి సంతకొచ్చిన సవర గిరిజనులు. అవగాహన సదస్సులు పెట్టి, బ్యానర్లు కట్టి ఆవిడకి నూనె ప్రమాదం గురించి చెప్పడమంటే, తెలిసిన విషయమే తెలిసిన మనిషికి చెప్పడం. నూనె పాడైందని మూకుడు ముందు నిలబడ్డ మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఆ పొగ కళ్ళలోకి పోయేది ఆవిడకే.

ఆ 200 రూపాయల గుంటని బయోడీజిల్ ఎన్నటికీ పూడ్చలేదు. డీజిల్ 90 రూపాయల పైన ఉన్నా సరే పూడ్చలేదు, ఎందుకంటే అది పోటీ పడాల్సింది డీజిల్‌తో కాదు, కొత్త పామాయిల్‌తో. ఆ గుంట పూడ్చే డబ్బు ఆరోగ్యం ఖాతాలోంచి రావాలి. బీపీ బిళ్ళలు, స్టెంట్లు, డయాలసిస్ ఉచితంగా ఇవ్వడానికి ప్రభుత్వం డబ్బు పెడుతోంది కదా, మంచిదే, అందులో ఒక పలచటి పొర తీసి బండివాళ్ళ నూనె మార్పిడికి పెట్టమంటున్నాను.

దీనికి కొత్త వ్యవస్థ కూడా అక్కర్లేదు. ప్రతి ఊళ్ళో నూనె హోల్‌సేల్ కొట్టు ఉంటుంది. 15 కిలోల టిన్ను వాడి దగ్గరే కొంటాం, ఖాళీ టిన్ను కూడా ఎవడో ఒకడు కొంటాడు, దానికీ రేటుంది. అదే కొట్టులో పాత నూనె తూకం వేసి, కిలోకి ఇంత అని కొత్త టిన్ను ధరలో తగ్గించాలి. చేతికి డబ్బు ఇవ్వకూడదు. డబ్బిస్తే కొందరు ఆ పూటకి ఖర్చు పెట్టేసుకుని మళ్ళీ పాత నూనెకే వస్తారు, తగ్గింపు అయితే కొత్త నూనె మూకుట్లోకి వెళ్ళినట్టే. కొట్టువాడు డ్రమ్ము నిండాక బరంపురం పంపుతాడు, లారీలు ఎలాగూ సరుకు దింపి ఖాళీగా వెనక్కి వెళ్తాయి.

తగ్గింపు ఎంత ఉండాలన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. సంతలో పాత నూనె రేటు కంటే కాస్త ఎక్కువ, కొత్త నూనె రేటు కంటే బాగా తక్కువ ఉండాలి. యూరప్‌లో పాత నూనెకి రాయితీలు ఇచ్చి ఇచ్చి దాని ధర కొత్త పామాయిల్‌ని కూడా దాటించారు. ఆ తర్వాత ఆసియా నుంచి వస్తున్న 'వాడిన నూనె'లో ఎంత నిజంగా వాడిందో, ఎంత కొత్త పామాయిల్‌కి రంగు మార్చి పంపిందో అని తలలు పట్టుకున్నారు. మన దగ్గర కూడా విమానాల వంతు వస్తోంది, అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం హరిత ఇంధనం కలపాలన్నది లక్ష్యం, దానికి వాడిన నూనె మంచి ముడిసరుకు. విమానం కంపెనీలు రంగంలోకి దిగితే పెద్ద హోటళ్ళ నూనె, చిప్స్ ఫ్యాక్టరీల నూనె వాళ్ళకే పోతుంది, పోనివ్వండి. వాళ్ళు అప్ప దగ్గరికి రెండు లీటర్ల కోసం రారు.

మా గజపతి జిల్లాలోనే కించిలింగి అనే కొండ ఊళ్ళో, 2000ల మొదట్లో గ్రామ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కెనడా బృందంతో కలిసి ఒక పని చేశారు. కానుగ, వలిసె లాంటి గింజల నూనెని కాళ్ళతో తొక్కే యంత్రంలో బయోడీజిల్ చేసి, దాంతో ఊరి నీళ్ళ పంపు నడిపారు. అది వాడిన నూనె కథ కాదు, పెద్ద ఎత్తున పాకిందీ లేదు. కానీ అందులో ఒక తెలివైన సంగతుంది, తయారైన ఇంధనం ఏ పంపుకి పోతుందో ముందే తేల్చుకుని, దానికి సరిపడా చేసుకున్నారు. మన పథకాలు ఎప్పుడూ తిరగేసి మొదలవుతాయి. 2003 తర్వాత అడవి ఆముదం పిచ్చి పట్టినప్పుడు చూశాం కదా, ముందు లక్షల ఎకరాల మాటలు, తర్వాత కొనే నాథుడు లేడు.

ఇక్కడ ఎవరు వాడతారో నేను అనుకుంటున్నది చెప్పేస్తాను. మున్సిపాలిటీ చెత్త ట్రాక్టర్లు. ఊరు దాటవు, ఒకే చోట నింపుకుంటాయి, మరమ్మతు ఒకే మెకానిక్ చూస్తాడు. మొత్తం బయోడీజిలే పోస్తే ఇబ్బందులున్నాయి. పాత ట్యాంకులో పేరుకున్న బంకని కడిగేసి తెచ్చి ఫిల్టర్‌లో పోస్తుంది, మొదట్లో రెండు మూడుసార్లు ఫిల్టర్ మార్చాలి, పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి, మైలేజీ పదిలో ఒక వంతుదాకా తగ్గుతుంది. పామాయిల్‌తో చేసింది 15 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి మసకబారి గడ్డకట్టడం మొదలెడుతుంది, పుష్యమాసంలో మా జిల్లా కొండల్లో ఆర్. ఉదయగిరి వైపు తెల్లారగట్ల బండి స్టార్ట్ కాదు. వందకి ఇరవై పాళ్ళు డీజిల్‌లో కలిపితే ఈ బాధలు చాలామట్టుకు పోతాయి. ఊరి నూనెకి ఆ ఇరవై పాళ్ళే ఎక్కువ.

ఇదంతా మా బావకి ఓపిగ్గా చెప్పాను. మెకానిక్, ఫిల్టరు, యూరప్, అన్నీ విన్నాడు. చివరికి టిన్నుకి ఎంత తగ్గిస్తారో అది చెప్పమన్నాడు.